ఎండల సీమలో ఎండ కరువు

మా హిందూపురం వాళ్ళని "మీ వూళ్ళో ఏం దొరుకుతుందమ్మా?" అని అడిగి చూడండి. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అని గుక్క తిప్పుకోకుండా చెప్తాం. నాలుగోదొకటి వుంది గానీ దాన్ని ఎవరూ చెప్పరు. ఎంచేతంటే దానికి ధర లేదు, దాని కోసం ఎవరూ బేరమాడరు. అది ఎండ.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని వస్తే మీకే తెలుస్తుంది. బండరాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు, ఎండిన చెరువులు, వాటన్నిటి మీదా దాపరికం లేకుండా పరుచుకున్న ఎండ. వాన మాత్రం పిసినారి కోమటి దానం చేసినట్టు కురుస్తుంది. ఇలాంటి చోట మనుషులకి ఎండ చాలడం లేదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది కాదూ? నాకూ నవ్వే వచ్చింది, ధర్మవరంలో ఒక ఇంట్లో ఆ నవ్వు నా నోట్లోనే ఆగిపోయేదాకా.

చీర కొనడానికి వెళ్ళాను. అంగట్లో కాకుండా నేసేవాళ్ళ ఇంట్లోనే చూద్దామని ఓ బంధువు తీసుకెళ్ళింది. ముందు గదిలో గుంటమగ్గం, గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన నేస్తున్నాడు. వెనక గదిలో ఆవిడ పట్టు చుడుతోంది. వయసు నలభై దాటి వుండదు. ఎరుపు, పసుపు, నెమలిపింఛం రంగు చీరలు నాలుగు నా ముందు పరిచింది. నేనొకటి తీసుకున్నాను. మిగతావి మడిచి బీరువాలో పెట్టడానికి లేవబోయింది. లేవలేకపోయింది.

ముందు నేలకి చెయ్యి ఆనించింది. తర్వాత మోకాలి మీద రెండో చెయ్యి పెట్టుకుంది. తన కాళ్ళ మీదే తను పాక్కుంటూ ఎక్కుతున్నట్టు, తొడలు నొక్కుకుంటూ నొక్కుకుంటూ నిలబడింది. నాలుగడుగులు వేస్తే ఆ నడక అటూ ఇటూ వూగుతోంది.

"ఏమయిందమ్మా?" అన్నాను.

"యేం జెయ్యల్లక్కా, నడుము పట్టుకుంటాది. తొడల్లో ఎముకలు లాగుతాయి. రాత్రయితే చాలు, ఒకటే సలుపు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తి. నొప్పి మాత్రలిచ్చిరి. తింటే తగ్గుతాది, మానుకుంటే మళ్ళీ మొదలు. మా అత్త ఏమంటాదంటే, పనికి వొంగలేక నాటకాలంట."

ఊరికే మాట కలుపుదామని, "కాసేపు ఎండలో కూర్చోకూడదూ?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఎండా! మాకు యాడుందక్కా ఎండ? తెల్లారితే మగ్గం దగ్గర, పొద్దుగూకితే పొయ్యి దగ్గర. పట్టుకి ఎండ తగిలితే రంగు పోతుందని కిటికీలు కూడా మూసే పెడతాం."

పట్టుకి తగలకూడని ఎండ మనిషికి తగలకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆ చీరతో పాటు నా వెంట ఇంటికొచ్చింది. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, వైద్యం తెలిసినదాన్ని కాదు. కానీ ప్రతి జబ్బుకీ ఒక చరిత్ర వుంటుంది. అందులో రాజులుంటారు, రాణులుంటారు, మొండిఘటాలుంటారు, పొరపాట్లుంటాయి. ఈ ఎండ కథలో ఆడవాళ్ళ వాటా కాస్త ఎక్కువే వుందని వెతికిన కొద్దీ తెలిసింది.

మన దగ్గర్నుంచే మొదలుపెడతాను. సంస్కృతంలో 'అసూర్యంపశ్య' అని ఒక మాట వుంది. సూర్యుణ్ణి కూడా చూడనిది అని అర్థం. అంతఃపురంలో వుండే రాజు భార్యలకి ఆ మాట వాడేవారు. పాణిని అంతటివాడు తన వ్యాకరణంలో ఆ మాట ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి ఒక సూత్రమే కేటాయించాడు. అంటే ఆ మాట అప్పటికే ఎంత వాడుకలో వుందో చూడండి! అది తిట్టు కాదండోయ్, గొప్ప. ఆడదాని హోదాకి నీడే కొలత అన్నమాట. ఎంత పెద్దింటి పిల్లయితే అంత దట్టమైన నీడ.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడితే తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకి తరలించాడు. అక్కడి గగనమహలుకి చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే, ఆ చల్లని గదుల్లో నిలబడి రాణులు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను. బయట కొండ మీద రాళ్ళు మోసిన ఆడకూలీల మాట అప్పుడు నాకు తట్టలేదు. మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు తట్టింది. తిండి, బట్ట, నగ అన్నిటిలో రాణిదే పైచేయి. ఎండ ఒక్కటీ లెక్కేస్తే, ఆ రాళ్ళు మోసినామే సంపన్నురాలు.

ఇది నా వూహ కాదు. ఇంచుమించు ఇదే సంగతిని నూరేళ్ళ కిందట మన దేశంలో డాక్టర్లు కళ్ళారా చూశారు.

దానికి ముందు ఇంగ్లండు వెళ్ళి రావాలి. 1650లో గ్లిసన్ అనే వైద్యుడు పసిపిల్లల కాళ్ళు దొడ్డిగా వంగిపోయే జబ్బు గురించి ఒక పెద్ద గ్రంథం రాశాడు. దాన్నే రికెట్స్ అన్నారు. బొగ్గుపొగ కమ్మిన పట్నాలు పెరిగిన కొద్దీ ఆ జబ్బూ పెరిగింది. ఎందుకొస్తుందో ఎవరికీ అంతు పట్టలేదు. తిండి లోపమన్నారు, మురికన్నారు, వంశమన్నారు. థియోబాల్డ్ పామ్ అనే మిషనరీ డాక్టరు జపాన్‌లో చాన్నాళ్ళు పనిచేసి స్వదేశానికి తిరిగొచ్చాడు. బీదగా వుండే జపాన్ పల్లెల్లో తనకి కనిపించని వంకర కాళ్ళు, సంపన్నమైన ఇంగ్లండులో వీధి వీధికీ కనిపించాయి. ఆయన ఇతర దేశాల్లో వున్న మిషనరీ డాక్టర్లకి ఉత్తరాలు రాసి, జవాబులన్నీ ముందేసుకుని 1890లో తేల్చాడు: తేడా తిండిలో లేదు, ఎండలో వుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉచితంగా దొరికేదాన్ని మందంటే ఎవరు నమ్ముతారు!

ఇక మన నాసిక్. 1922లో హచిసన్, షా అనే ఇద్దరు డాక్టర్లు అక్కడి పిల్లల్ని, ఆడవాళ్ళని పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. పాలు, నెయ్యి పుష్కలంగా తినే గొప్పింటి పరదా కుటుంబాల్లో పిల్లలకి రికెట్స్ వుంది. కడుపునిండా తిండి కూడా లేని కూలీల పిల్లలకి లేదు. తల్లులు పనికి పోతూ చంకనేసుకుని పోతారు గనుక ఆ పిల్లలు ఎండలోనే పెరిగారు. ఆ తర్వాత 1928లో కాథ్లీన్ వాన్ అనే లేడీ డాక్టరు, కాశ్మీరులో పనిచేసిన అనుభవంతో, పరదాకీ ప్రసవానికీ వున్న సంబంధం మీద ఒక పుస్తకమే రాసింది. పెద్దయిన ఆడవాళ్ళకి ఎముకలు మెత్తబడి కటి ఎముకలు కుంచించుకుపోతాయి. బిడ్డ బయటికి రావడానికి దారి వుండదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయిన కాన్పులెన్నో. పెద్దవాళ్ళకొచ్చే ఈ జబ్బు పేరు ఆస్టియోమలేసియా. పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, లక్షణాలు మాత్రం గుర్తుపెట్టుకోండి: నడుములో, తొడల్లో, కటిలో మొండి నొప్పి, కింద కూర్చుంటే లేవలేకపోవడం, నడకలో వూగు. చదువుతుంటే నాకు ధర్మవరం ఇల్లు కళ్ళముందు కట్టింది.

అదే కాలంలో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఆకలితో అల్లాడుతున్న వియన్నా నగరానికి హారియెట్ చిక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, తోటి ఆడవాళ్ళని వెంటేసుకుని వెళ్ళింది. 1919 నుంచి 1922 దాకా అక్కడి పిల్లల ఆస్పత్రిలో పనిచేసి, చలికాలంలో కాడ్ లివర్ ఆయిల్ పట్టినా, ప్రత్యేకమైన దీపం కాంతిలో పడుకోబెట్టినా ఈ జబ్బు నయమవుతుందని తేల్చారు. ఎండాకాలంలో అయితే ఏ మందూ అక్కర్లేకుండా ఆరుబయలే సరిపోయింది. బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు ఇంకో తమాషా చూశాడు. పిల్లవాడి ఒక చేతికే దీపం కాంతి పట్టిస్తే రెండో చేతి ఎముకలూ గట్టిపడ్డాయి! అంటే చర్మంలో ఏదో తయారై రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. 1922లో అమెరికాలో మెకాలమ్ చేపనూనెలో వున్న ఆ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు. ఏ, బి, సి అప్పటికే అయిపోయాయి మరి. 1928లో విండాస్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తకి ఈ కుటుంబానికి చెందిన పరిశోధనలకే నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకూ కథ సుఖాంతంలాగే వుంది. కానీ మనుషుల సంగతి మీకు తెలియంది కాదు. కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదనుకుంటాం. 1930ల్లో, 40ల్లో ఈ విటమిన్‌ని కీళ్ళ నొప్పులకీ, ఇంకా దేనిదేనికో రోజుకి లక్షల యూనిట్ల లెక్కన ఇచ్చారు. కొందరికి రక్తంలో కాల్షియం మితిమీరి మూత్రపిండాలు చెడిపోయాయి. ఇంగ్లండులో యుద్ధకాలం నుంచీ పసిపిల్లల పాలపొడిలో, ఆహారంలో విటమిన్ డి దండిగా కలిపేవారు. 1950ల్లో కొందరు పిల్లలు వాంతులతో నీరసించిపోతుంటే కారణం వెతికి, 1957లో కలిపే మోతాదు తగ్గించారు. లోటు చంపుతుందని కనుక్కున్న ముప్ఫై ఏళ్ళకే ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకోవలసి వచ్చింది.

ఇక మన రోజుల్లోకి వద్దాం. మన ఎండల దేశంలో ఈ గోల లేదని చాలాకాలం అందరూ అనుకున్నారు. 2000లో ఢిల్లీలో ఒక పరిశోధన వెలువడింది. ఆరుబయట తిరిగే సైనికులకి రక్తంలో విటమిన్ డి మెరుగ్గా వుంది. లోపల పనిచేసే డాక్టర్లకీ, నర్సులకీ చాలా తక్కువగా వుంది. వైద్యుడికే వైద్యం కావలసి వచ్చిందని నవ్వుకున్నారు గానీ, అది ఉత్తరాది చలి సంగతిలే అని దక్షిణాదిన మనం నిశ్చింతగానే వున్నాం.

ఆ నిశ్చింతని పోగొట్టింది మన తిరుపతే. అక్కడి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు పట్నంలోనూ, పల్లెల్లోనూ ఆరోగ్యంగా తిరుగుతున్న వెయ్యిమందికి పైగా జనాన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. తిరుపతీ, మా హిందూపురమూ భూగోళం మీద ఇంచుమించు ఒకే అడ్డగీత మీద వున్నాయి. సూర్యుడు వాళ్ళ నెత్తిన ఎలా నిలబడతాడో మా నెత్తినా అలాగే నిలబడతాడు. కాబట్టి వాళ్ళ లెక్క మా ఇంటి లెక్క అనుకునే చదివాను.

మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములకి తగ్గితే లోటని వాళ్ళు గీత గీశారు. పట్నంలో మగవాళ్ళలో నూటికి 62 మంది, ఆడవాళ్ళలో 75 మంది ఆ గీత కిందే వున్నారు. సరే, పట్నవాసం, ఇంట్లో కూర్చుంటారు అనుకుందాం. మరి పల్లెలో? మగవాళ్ళలో 44 మంది, ఆడవాళ్ళలో 70 మంది! గీతకి దిగువన కాక, 30 నానోగ్రాములు దాటి దిట్టంగా వున్న పల్లెటూరి ఆడవాళ్ళు నూటికి ఒక్కరు. ఆ ఒక్కరన్న అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

పొలంలో పనిచేసే ఆడదానికి ఎండ కరువేమిటి? పెనుకొండ దగ్గర వేరుశనగ పీకే కూలీలని ఒకసారి చూడండి. మగవాళ్ళు చొక్కా విప్పి గట్టున పడేసి వీపు కాచుకుంటూ పనిచేస్తారు. ఆడవాళ్ళు చీర మీద మొగుడిదో, కొడుకుదో పాత ఫుల్ హాండ్స్ చొక్కా తొడుక్కుంటారు, తలకి తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకి నల్లబడతామని కొంత, ఆకు గీరుకుంటుందని కొంత, సిగ్గు కొంత. సూర్యుడు నెత్తిమీదే వున్నా లోపలికి రావడానికి ఆయనకి మిగిలేది ముఖమూ, అరచేతి వెనక్కీ అంతే. పైగా ఈ సీమ చర్మం నలుపు. నల్లటి చర్మానికి అదే పని చెయ్యడానికి తెల్లచర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి.

తిరుపతి వాళ్ళు ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు: తిండిలో కాల్షియం తక్కువ, గింజల పొట్టులో వుండే ఫైటేటు అనే పదార్థం ఎక్కువ. ఆ ఫైటేటు వున్న కాస్త కాల్షియాన్నీ వంటబట్టనివ్వదు. కాల్షియం చాలనప్పుడు ఒంట్లో దాచుకున్న విటమిన్ డి కూడా త్వరగా ఖర్చయిపోతుంది. ఇక్కడ నాకు మా జేజి సంగటి గుర్తొచ్చింది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది. తెల్లబియ్యంలో పది కూడా దొరకడం గగనం. ఒకప్పుడు సంగటి తినేవాళ్ళని చిన్నచూపు చూశాం. వరన్నం తినడం గొప్పనుకున్నాం. నీడ గొప్ప, తెల్లన్నం గొప్ప. ఈ రెండు గొప్పలూ కలిసి మన ఎముకల దగ్గర బాకీ వసూలు చేసుకుంటున్నాయి.

మన పెద్దవాళ్ళకి అన్నీ తెలుసు, మనమే మరిచాం అని చాలామంది రాస్తుంటారు. నేనలా రాయలేను. మా జేజి పసిబిడ్డకి నూనె పట్టించి లేత ఎండలో పడుకోబెట్టేది, నిజమే. అదే జేజి బాలింతని తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, నెలపైగా చీకటి గదిలో వుంచేది. పాలిచ్చే తల్లికే ఎండా, కాల్షియమూ ఎక్కువ కావలసిన రోజులవి! మిద్దె మీద వడియాలు పెట్టడం, మిరపకాయలు ఎండబెట్టడం, బావి దగ్గర బట్టలుతకడం, ఈ చాకిరీలో అనుకోకుండా కాస్త ఎండ దొరికేది. ఇప్పుడు చాకిరీ తగ్గింది, మంచిదే, దాంతోపాటు ఎండా తగ్గింది. హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలొచ్చాయి. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి. 2022లో మా మూడూళ్ళూ అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాయి. ట్యూబులైటు కింద జీతం వచ్చే ఉద్యోగాలు పెరిగాయి. ఎవరూ పరదా వెయ్యకుండానే పరదాలోకి వెళ్ళిపోతున్నాం. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అంటారేమో! ఎముకలకి పనికొచ్చే కిరణాలని ఆ గాజు ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలికి పంపుతుంది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ లోటు ఎంతమందికి వుందన్నది గీత ఎక్కడ గీస్తామన్న దానిని బట్టి వుంటుంది. 2011లో అమెరికాలో ఒక పెద్ద సంస్థ 20 చాలంది. అదే ఏడు గ్రంథుల డాక్టర్ల సంఘం 30 వుండాలంది. గీత పది అంగుళాలు జరిపితే పరీక్షలో తప్పినవాళ్ళ సంఖ్య ఎలా పెరుగుతుందో, ఇక్కడా అంతే. ఆ సంఘమే 2024లో ఆ 30 అన్నమాటని వెనక్కి తీసుకుంది. ఏ ఇబ్బందీ లేని మామూలు మనుషులందరూ ఈ రక్తపరీక్ష చేయించుకోనక్కర్లేదని కూడా చెప్పింది. 2022లో అమెరికాలో పాతికవేలమందికి పైగా పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, లోటు వుందా లేదా అని చూడకుండా అందరికీ రోజూ ఈ విటమిన్ ఇస్తే ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదు. అంటే అంకె తక్కువున్న ప్రతివాళ్ళూ జబ్బుమనుషులు కారు. నిజంగా జబ్బున్న ధర్మవరం ఆవిడ లాంటివాళ్ళకి మాత్రం మందు అమృతమే.

ఇప్పుడు రెండో వైపు. ఇది మా ఇంట్లోనే జరిగింది.

మా పిన్నమ్మకి డెబ్భై దాటాయి. మోకాళ్ళ నొప్పులకి ఒకచోట చూపిస్తే విటమిన్ డి పొడి పొట్లాలు రాసిచ్చారు. ఒక్కో పొట్లం అరవైవేల యూనిట్లు. వారానికొకటి పాలల్లో కలిపి తాగాలి. చీటీ మీద ఇంగ్లీషులో రాసింది ఎవరూ విడమర్చి చెప్పలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు. పిన్నమ్మ రోజుకొకటి చొప్పున తాగింది. బాగుందనిపించి అయిపోగానే మళ్ళీ తెప్పించుకుంది, అంగట్లో అడిగినన్ని ఇచ్చారు. రెండు నెలలు గడిచాయి. ఆకలి పోయింది. మలబద్ధకం, వాంతులు, ఎన్ని నీళ్ళు తాగినా తీరని దాహం, మాటిమాటికీ మూత్రం. చివరికి మాటలు తడబడి, నన్ను చూసి మా అమ్మ పేరుతో పిలిచింది. వయసు మీదపడింది, మతి పోతోంది అనుకున్నాం. రక్తంలో కాల్షియం చూసిన ఒక కుర్ర డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు, సంచీ తెచ్చి చూపించండి" అన్నాడు. సంచీలోంచి ఖాళీ పొట్లాలు బయటపడ్డాయి.

లెక్క వేసి చూడండి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 600 యూనిట్లు. దాటకూడని హద్దు 4,000. ఒక్క పొట్లంలో నూరు రోజుల సరుకుంది. అరవై రోజులు రోజూ తాగితే ముప్ఫై ఆరు లక్షలు. 2011లో కాశ్మీరు డాక్టర్లు ఇలా మోతాదు మించి ఆస్పత్రి పాలైన పదిమంది పెద్దవాళ్ళ కథ ప్రచురించారు. ఒకప్పుడు కాథ్లీన్ వాన్ లోటుని చూసిన ఆ కాశ్మీరులోనే! లోటున్న చోటే మందు ఎక్కువ రాస్తారు, అక్కడే పొరపాటూ జరుగుతుంది. ఈ విటమిన్ కొవ్వులో దాక్కుంటుంది గనుక మానేసిన వెంటనే ఒంట్లోంచి పోదు. మా పిన్నమ్మ తేరుకోవడానికి నెలలు పట్టింది. మూత్రపిండాలు దక్కాయి, దేవుడి దయ.

ఇలా ఎక్కువైన వాళ్ళు లోటున్న వాళ్ళ ముందు పిడికెడే. కానీ ఆ పిడికెడుమందికీ వచ్చింది ప్రకృతి వల్ల కాదు, చీటీ వల్ల. 2010లో ఆస్ట్రేలియా నుంచి ఇంకో పాఠం వచ్చింది. డెబ్భై దాటిన 2,256 మంది ఆడవాళ్ళలో సగంమందికి ఏడాదికొకసారి ఒకేసారి అయిదు లక్షల యూనిట్లు ఇచ్చారు. పడిపోకుండా, ఎముకలు విరక్కుండా వుండాలని. తీరా చూస్తే, మందు తిన్నవాళ్ళే ఎక్కువగా పడ్డారు, వాళ్ళ ఎముకలే ఎక్కువగా విరిగాయి. ఏడాది తిండి ఒక్కపూట తింటే ఏమవుతుందో అదే అయింది.

ఎండకి మాత్రం ఈ దోషం లేదు. కావలసినంత తయారయ్యాక చర్మం మిగిలినదాన్ని తనే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. ఎండలో కూర్చుని విటమిన్ డి ఎక్కువై చచ్చినవాళ్ళు లేరు. వడదెబ్బ తగిలి పోయినవాళ్ళున్నారు, అది వేరే సంగతి, మా సీమలో అది మరిచిపోకూడదు.

మరి ఏ ఎండ? లేత ఎండ మంచిదని మనకో నమ్మకం. తిరుపతి పరిశోధకులే అమెరికా వాళ్ళతో కలిసి చూసి 2013లో చెప్పిందేమంటే, మన దగ్గర పదకొండు నుంచి రెండు మధ్య ఎండే ఎముకలకి బాగా పనికొస్తుందని. తెల్లవారుజాము ఎండ హాయిగా వుంటుంది గానీ అందులో ఆ కిరణాలు వుండవు. దీనికో తేలిక గుర్తుంది. మీ నీడ మీ ఎత్తుకంటే పొట్టిగా వుంటే ఆ ఎండ పనిచేస్తుంది. పొడుగ్గా వుంటే చెయ్యదు. హిందూపురంలో డిసెంబరు నెలలో కూడా సుమారు పదిన్నర నుంచి రెండు దాకా నీడ పొట్టిదే. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నరకే పొట్టిదైపోతుంది గనుక మిట్టమధ్యాహ్నం దాకా ఆగి మాడనక్కర్లేదు. ముఖం కొంగుతో కప్పుకున్నా సరే, చేతులూ కాళ్ళూ తెరిచి, వారంలో కొన్ని రోజులు పావుగంట అరగంట కూర్చుంటే చాలు. మన తిండిలో ఈ విటమిన్ దొరికేవి చేపలూ, గుడ్డు పచ్చసొనా తప్ప పెద్దగా లేవు. శాకాహారులకి కాస్త ఆసరాగా, 2018 నిబంధనల ప్రకారం విటమిన్ కలిపిన పాలు, నూనె వస్తున్నాయి. పాకెట్టు మీద ప్లస్ ఎఫ్ గుర్తు వుంటుంది, చూసి కొనుక్కోండి.

ఇంకొక్క మాట. మా జిల్లాలో ఎముకల నొప్పికి నీళ్ళలో ఫ్లోరైడు కూడా కారణం కావచ్చు. 1990ల్లో సత్యసాయి మంచినీటి పథకం వచ్చేదాకా ఎన్ని వూళ్ళు ఆ నీళ్ళే తాగాయో! కాబట్టి ఈ వ్యాసం చదివి పొట్లాలు కొనుక్కోకండి. నొప్పికి కారణం డాక్టరు తేల్చాలి. మీరు మాత్రం రెండు ప్రశ్నలు సిగ్గుపడకుండా అడగండి: "ఎన్ని రోజులకొకటి? ఎప్పుడు ఆపాలి?" ఆ జవాబు తెలుగులో రాయించుకుని పొట్లాల డబ్బాకి అంటించండి.

ధర్మవరం ఆవిడ సంగతి అడగరేం? మా బంధువు వెంటపడి ఆవిడని పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ చూసి ఆస్టియోమలేసియానే అన్నారు. మందు మొదలుపెట్టారు, వారానికొకటి, ఇన్ని వారాలని లెక్క చెప్పి. నాలుగు నెలల తర్వాత నేను వెళ్ళేసరికి ఆవిడ పట్టు చుట్టే రాట్నం వెనక గదిలో లేదు. పెరట్లో, వేపచెట్టు నీడకి కాస్త ఇవతల వుంది. చుట్టిన కండెలు మాత్రం గుడ్డ కప్పి గడప లోపలే పెట్టుకుంటోంది.

"రంగు పోదూ?" అన్నాను.

"చుట్టినంతసేపే గదక్కా! పట్టుకి గుడ్డ కప్పినా. నాకెందుకు కప్పల్ల?" అంది.

నాకు మంచినీళ్ళు తేవడానికి లేచింది. చెయ్యి నేలకి ఆనించలేదు. వాళ్ళ అత్త అరుగు మీద కూర్చుని చూస్తోంది. నాటకం అని మాత్రం అనలేదు. కాసేపటికి ఆ ముసలావిడే లేచి, తన మంచాన్ని తనే ఈడ్చుకుంటూ ఎండలోకి జరుపుకుంది.